చానెల్ దాటే మైక్రోలైట్‌కు రెస్క్యూమీ పీఎల్‌బీ1 బీకన్: ఏం చేస్తుంది, ఏం చేయదు

ఇంగ్లండ్‌లోని మార్గేట్ పట్టణానికి చెందిన ఓషన్ సిగ్నల్ కంపెనీది రెస్క్యూమీ పీఎల్‌బీ1. ప్రమాదంలో చిక్కుకున్న మనిషి ఎక్కడున్నాడో ఉపగ్రహాల ద్వారా రక్షణ సిబ్బందికి చెప్పే చిన్న బీకన్ (పీఎల్‌బీ) ఇది. పడవలవాళ్లు, కొండలెక్కేవాళ్లు ఎక్కువగా కొంటారు. ఒకరిద్దరు కూర్చునే తేలిక విమానం మైక్రోలైట్‌లో బ్రిటన్ నుంచి ఇంగ్లిష్ చానెల్ సముద్రం దాటి ఫ్రాన్స్‌కు వెళ్లాలనుకునేవాళ్లకు కూడా ఇది కొనదగ్గ వస్తువే. లైఫ్‌జాకెట్ తర్వాత డబ్బు పెట్టాల్సింది దీనిమీదే. అయితే డబ్బాలోంచి తీసి జేబులో వేసుకుంటే సగం పనే అయినట్టు. మిగతా సగం రిజిస్ట్రేషన్‌లోనూ, ఒంటిమీద ఎక్కడ కట్టుకున్నారన్న దాంట్లోనూ ఉంది.

ముందు కొలతలు. 76 మిల్లీమీటర్ల పొడవు, 51 వెడల్పు, 32.5 మందం, 116 గ్రాముల బరువు. ఫ్లయింగ్ సూట్ తొడ జేబులో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. రెండు తరంగాల మీద సంకేతం పంపుతుంది. 406 మెగాహెర్ట్జ్ సంకేతం, ఆపద సంకేతాలు వినే అంతర్జాతీయ వ్యవస్థ కోస్పాస్-సర్సాట్ ఉపగ్రహాలకు వెళ్తుంది. 121.5 మెగాహెర్ట్జ్ సంకేతం దగ్గరికి వచ్చిన హెలికాప్టరుకో లైఫ్‌బోటుకో దిశ చూపించడానికి. లోపల జీపీఎస్ ఉంది, పైన మెరిసే స్ట్రోబ్ లైటు ఉంది. ఒకసారి ఆన్ చేస్తే మైనస్ 20 డిగ్రీల చలిలో కూడా 24 గంటలకు తగ్గకుండా పనిచేస్తుంది. బ్యాటరీ ఆయువు 7 సంవత్సరాలు. నెలనెలా చందా లేదు.

సంకేతం వెళ్లే తీరు తెలిస్తే ఈ పరికరం మీద ఎంతవరకు భరోసా పెట్టుకోవచ్చో అర్థమవుతుంది. బీకన్ సుమారు 50 సెకన్లకొకసారి, అర సెకను పాటు 406 మీద సందేశం పంపుతుంది. అందులో దాని సొంత గుర్తింపు సంఖ్య ఉంటుంది. మొదటి ఒకటి రెండు సందేశాల్లో స్థానం ఉండకపోవచ్చు. జీపీఎస్ ఆకాశాన్ని పట్టుకున్నాక అక్షాంశ రేఖాంశాలు కూడా చేరతాయి. జీపీఎస్ లేకుండా ఉపగ్రహాలు లెక్కగట్టే స్థానం కొన్ని కిలోమీటర్లు అటూ ఇటూగా ఉంటుంది. జీపీఎస్ ఉంటే అది సుమారు 100 మీటర్లకు దిగుతుంది. అలల్లో ఒక మనిషి తలను వెతికేవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది. పాతకాలపు 121.5-మాత్రమే బీకన్లను ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరి 1న మానేశాయి. క్లబ్బు అల్మారాలో అలాంటిది ఇంకా ఉంటే దాన్ని నమ్ముకుని సముద్రం దాటొద్దు.

విమానానికి బిగించే, దెబ్బ తగలగానే దానంతట అదే మోగే బీకన్ ఈఎల్‌టీ ఉండగా ఒంటికి కట్టుకునే బీకన్ ఎందుకు? మైక్రోలైట్‌కు ఈ ప్రశ్న ముఖ్యం. యూరప్‌లో మామూలు చిన్న విమానాలకు వర్తించే పార్ట్-ఎన్‌సీఓ నియమం ఆరు సీట్లు, అంతకన్నా తక్కువ ఉన్నవాటికి ఈఎల్‌టీ గానీ, మనుషుల దగ్గర ఉండే పీఎల్‌బీ గానీ ఏదో ఒకటి ఉంటే చాలంటుంది. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చాక కూడా బ్రిటన్ ఆ నియమాన్ని అలాగే ఉంచుకుంది. మైక్రోలైట్లు ఆ చట్టం పరిధిలోకి రావు. వాటికి ఏ దేశం చట్టం ఆ దేశానిదే. అందుకే వెళ్లే దేశం వైమానిక సంస్థ పుస్తకం విడిగా చూడాలి. చట్టం సంగతి పక్కన పెట్టినా, మైక్రోలైట్‌లో ఈఎల్‌టీకి మూడు చిక్కులున్నాయి. దాని బరువు, యాంటెన్నా, బిగింపు అన్నీ కలిస్తే తేలిక విమానానికి అది చిన్న భారం కాదు. పర్మిట్ (విమానానికి ఆ దేశం ఇచ్చే ఎగిరే అనుమతి) మీద ఎగిరే విమానంలో దాన్ని బిగించడం మార్పు కిందికి వస్తుంది, అనుమతి తీసుకోవాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. నీళ్లలో దిగితే విమానం మునుగుతుంది, దానితోపాటే యాంటెన్నా మునుగుతుంది. నీటి కింద నుంచి 406 సంకేతం పైకి రాదు. విమానంతోపాటు మునిగిపోకుండా మనిషితోపాటు బయటికి వచ్చే బీకనే సముద్రంలో పనికొచ్చేది.

అయితే ఈఎల్‌టీ చేసే ఒక పని పీఎల్‌బీ1 చేయదు. దెబ్బ తగలగానే దానంతట అది మోగదు. పైలట్ స్పృహ తప్పితే అది జేబులో మౌనంగా ఉండిపోతుంది. కాబట్టి వెనక సీట్లో కూర్చునేవాళ్లకు ఎగరకముందే అది ఏ జేబులో ఉందో, ఎలా ఆన్ చేయాలో చేత్తో పట్టించి చూపించాలి. ఇద్దరు వెళ్తున్నప్పుడు రెండు బీకన్లుంటే ఇంకా మంచిది. ఈ పరిమాణంలో, ఈ ధరలో అది మోయలేని ఖర్చు కాదు.

ఆన్ చేయడం

యాంటెన్నా కొలత టేపులా చుట్టుకుని లోపల ఉంటుంది. దాని మూత లాగేయాలి. యాంటెన్నాను పూర్తిగా, చివరిదాకా బయటికి లాగాలి. తర్వాత ఆన్ బటన్ మీదున్న రేకు ఎత్తి బటన్ నొక్కి పట్టాలి. ఒక్క చేత్తో చేయగలిగేలా తయారుచేశారు. ఈ విషయంలో ఓషన్ సిగ్నల్‌ను మెచ్చుకోవాల్సిందే. చల్లని నీళ్లలో పడ్డవాళ్ల పరిస్థితిని రక్షణ శిక్షకులు 1-10-1 అని చెప్తారు. మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు. తర్వాత సుమారు 10 నిమిషాలు చేతివేళ్లు చెప్పినమాట వింటాయి. ఆపైన సుమారు గంటకు ఒంటి వేడి తగ్గి స్పృహ పోతుంది. చానెల్ నీళ్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో 7-8 డిగ్రీల దగ్గర ఉంటాయి. సెప్టెంబరులో కూడా 17-18 డిగ్రీలు దాటడం తక్కువే. అంటే రేకు ఎత్తి బటన్ నొక్కే పని ఆ 10 నిమిషాల్లోనే అయిపోవాలి. గ్లవ్స్ తొడుక్కుని, కళ్లు మూసుకుని, బటన్ నొక్కకుండా, మూత లాగకుండా ఆ వరుసను ఇంట్లో నాలుగైదుసార్లు సాధన చేయండి. మూత ఊడదీసి సాధన చేస్తే మళ్లీ సరిగా కూర్చోబెట్టడం ఇబ్బంది.

ఆన్ అయ్యాక యాంటెన్నా నిటారుగా ఆకాశం వైపు ఉండాలి. జీపీఎస్ ఉన్న వైపును అరచేత్తో మూయకూడదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. గట్టిగా పట్టుకోవాలన్న తపనలో పరికరం మొత్తాన్నీ పిడికిట్లో మూసేస్తారు, అప్పుడు స్థానం దొరకదు. ఇంకొక సంగతి. పీఎల్‌బీ1 విడిగా నీళ్లమీద తేలదు. తేలడానికి ఒక సంచి దానితోపాటే ఇస్తారు. సంచిలో పెడితే తేలుతుంది గానీ, తేలుతూ తనంతట తాను సరిగా ప్రసారం చేస్తుందని అనుకోవద్దు. అది ఓడల మీద ఉండే ఈపీఐఆర్‌బీ అనే బీకన్ చేసే పని. దీన్ని నీటికి పైన, యాంటెన్నా ఆకాశం చూసేలా పట్టుకోవాల్సింది మనిషే. గాలి నిండిన లైఫ్‌జాకెట్ మీద భుజం దగ్గర తాడుతో కట్టి ఉంచితే చేతులకు శ్రమ తగ్గుతుంది.

ఎక్కడ కట్టుకోవాలి

ఫ్లెక్స్‌వింగ్ ట్రైక్ (గుడ్డ రెక్క కింద వేలాడే, తెరిచిన సీట్ల మైక్రోలైట్) అయితే జిప్పున్న జేబులోనే, తాడుతో ఒంటికి కట్టి ఉంచాలి. వెనక పుషర్ ప్రొపెల్లర్ తిరుగుతూ ఉంటుంది. జేబులోంచి జారిన వస్తువు ఏదైనా నేరుగా దాని మీదికే వెళ్తుంది. ఫోను, గ్లవ్, మ్యాపు, బీకన్ ఏదైనా సరే. ప్రొపెల్లర్ రెక్క విరిగితే ఇంజిన్ ఆపేయక తప్పదు, ఆపై సముద్రం మీద దిగడమే. భద్రత కోసం తెచ్చుకున్న వస్తువే ప్రమాదానికి కారణం కాకుండా ఉండాలంటే ఈ తాడు తప్పనిసరి. మామూలు విమానంలా నడిపే, మూసిన కాక్‌పిట్ ఉన్న త్రీ-యాక్సిస్ రకంలో ఆ బెడద లేదు గానీ అక్కడ ఇంకో పొరపాటు జరుగుతుంది. బీకన్‌ను సీటు వెనక సంచిలో పెడతారు. విమానం తలకిందులైతే ఆ సంచి చేతికందదు. ఒంటిమీద ఉన్నదే మీతో బయటికి వస్తుంది.

లైఫ్‌జాకెట్ గురించి ఒక మాట చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. పడవలవాళ్లు వేసుకునే జాకెట్లలో చాలావరకు నీరు తగలగానే దానంతట అదే ఉబ్బేవి. విమానంలో అవి వేసుకోకూడదు. కాక్‌పిట్‌లోకి నీరు చేరగానే జాకెట్ ఉబ్బి మనిషిని పైకప్పుకు అదిమేస్తుంది, తలుపు దగ్గరికి చేరనివ్వదు. తాడు లాగితేనే ఉబ్బే రకం కొనండి, బయటపడ్డాకే లాగండి. బీకన్ క్లిప్పు జాకెట్ ట్యూబుకు ఎక్కడ పడుతుందో ముందే సరిచూసుకోండి. ఉబ్బినప్పుడు బీకన్ గాలితిత్తి కింద నలిగేలా ఉండకూడదు.

ఎంత సేపు నీటి మీద

డోవర్-కలే మధ్య అతి సన్నని చోట చానెల్ వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు. ఇంజిన్ ఆగితే మీ విమానం ఒక మీటరు దిగుతూ 8 మీటర్లు ముందుకు జారుతుందనుకోండి. 5,000 అడుగుల ఎత్తు నుంచి అది గాలి లేనప్పుడు సుమారు 12 కిలోమీటర్లు వెళ్తుంది. రెండు ఒడ్లనుంచీ చెరో 12 తీసేస్తే మధ్యలో 9 కిలోమీటర్లు మిగులుతాయి. అక్కడ ఇంజిన్ ఆగితే నీళ్లలో దిగాల్సిందే. గంటకు 95 కిలోమీటర్ల వేగంతో పోతే అది సుమారు 6 నిమిషాలు. ఎదురుగాలి ఉంటే ఎక్కువవుతుంది. 7,000 అడుగుల దగ్గరైతే ఆ ఖాళీ దాదాపు మూసుకుపోతుంది. అంత ఎత్తుకు వెళ్లే వీలుందో లేదో చార్టులో నియంత్రిత గగనతలం చూసి తేల్చుకోవాలి. మీ విమానం జారుడు సంఖ్య మాన్యువల్లో చూసి ఇదే లెక్క కట్టుకోండి. ఎత్తు ఖర్చులేని భద్రత. బీకన్ దాని తర్వాతే.

ఇంజిన్ ఆగినప్పుడు బీకన్ కోసం వెతుక్కోకండి. ముందు మైకు. మాట్లాడుతున్న ఫ్రీక్వెన్సీ మీదే మేడే (ఆపద పిలుపు) చెప్పండి. అక్కడ జవాబు లేకపోతే 121.5 మీద చెప్పండి. బ్రిటన్ వైపు ఆ ఫ్రీక్వెన్సీని స్వానిక్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ సిబ్బంది వింటూ ఉంటారు. నీళ్లలో దిగి, బయటపడి, జాకెట్ ఉబ్బాక బీకన్. సంకేతం ఏ వైపు పడితే ఆ వైపు కోస్ట్‌గార్డ్ కదులుతుంది. ఇటు బ్రిటన్‌లో డోవర్ కేంద్రం, అటు ఫ్రాన్స్‌లో క్రాస్ గ్రీ-నే కేంద్రం. బ్రిటన్ దేశం సంఖ్య ఉన్న బీకన్ ఫ్రాన్స్ నీళ్లలో మోగినా కబురు రెండు దేశాలకూ వెళ్తుంది.

రిజిస్ట్రేషన్, కొనేటప్పుడు చూడాల్సినవి

ప్రతి బీకన్‌లో ఒక దేశం సంఖ్య రాసి ఉంటుంది. బ్రిటన్‌కు 232 నుంచి 235, ఇండియాకు 419. బ్రిటన్‌లో ఉంటూ అమెరికా దుకాణం నుంచి చవగ్గా తెప్పించుకుంటే అందులో అమెరికా సంఖ్య ఉంటుంది. దాన్ని బ్రిటన్ రిజిస్ట్రీ తీసుకోదు, తిరిగి రాయించుకోవడానికి సర్వీసు కేంద్రానికి డబ్బు కట్టాలి. ఆదా చేసినదంతా అక్కడ పోతుంది. కొనేముందు దుకాణంవాళ్లను అడగాల్సిన ప్రశ్నలు రెండే. ఇది బ్రిటన్ కోడింగేనా? బ్యాటరీ గడువు ఏ నెల, ఏ సంవత్సరం? రెండేళ్లుగా గోడౌన్‌లో పడున్న సరుకు తక్కువ ధరకు వస్తే, పోయిన రెండేళ్లు మీ 7 సంవత్సరాల్లోంచే పోయినట్టు.

బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ ఉచితం. ఆన్‌లైన్‌లో చేయొచ్చు. బీకన్ మీదున్న 15 అక్షరాల గుర్తింపు సంఖ్యను అచ్చం అలాగే ఎక్కించాలి. సున్నాకూ ఓ అక్షరానికీ తేడా చూసుకోండి. అసలు ఆ సంఖ్యలో వచ్చేవి 0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ మాత్రమే, కాబట్టి ఓ అనిపించిన ప్రతిదీ సున్నానే. వాడకం విమానం అని ఎంచుకుని, రిజిస్ట్రేషన్ అక్షరాలు, విమానం రకం, రెక్క రంగు, లైఫ్‌జాకెట్ రంగు రాయండి. వెతికేవాళ్లకు రంగులు నిజంగా ఉపయోగపడతాయి.

అత్యవసరంగా పిలవాల్సినవాళ్ల పేర్ల దగ్గర మనవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మానాన్నల నంబర్ ఒక్కటే ఇస్తారు. కోస్ట్‌గార్డ్ ఫోన్ చేసేది ఇంగ్లిష్‌లో, ఏ వేళనైనా. వాళ్లకు కావాల్సిన సమాచారం: ఇవాళ ఎగిరారా, ఎంతమంది, ఏ దారిలో, ఎప్పుడు చేరాలి. అది చెప్పగలిగే మనిషి బ్రిటన్‌లో ఉండాలి. వాళ్లు మీతోపాటు విమానంలో ఉన్నవాళ్లు కాకూడదు. ఇంటి నంబర్ కూడా ఇవ్వాలనిపిస్తే రెండోదిగా, +91తో సహా ఇవ్వండి. వెళ్లేముందు ఆ పేర్లున్నవాళ్లకు మీ ఫ్లైట్ ప్లాన్ పంపండి.

ఫ్లైట్ ప్లాన్ ఎలాగూ తప్పదు. చానెల్ మధ్యలో లండన్, పారిస్ గగనతల సరిహద్దు ఉంది, దాన్ని దాటాలంటే ప్లాన్ వేయాలి. విమానం రకానికి సొంత కోడ్ లేని మైక్రోలైట్‌కు యూఎల్ఏసీ అని రాస్తారు. 19వ గడిలో లైఫ్‌జాకెట్లు, ఎమర్జెన్సీ రేడియో వివరాలు అడుగుతారు. లేనివి కొట్టేయడం అక్కడి పద్ధతి. పీఎల్‌బీ ఉందని రిమార్కుల్లో రాసి పెట్టండి. దీనికి తోడు జీఏఆర్ అనే ప్రయాణ వివరాల ఫారం ఉంది. బయల్దేరడానికి 48 గంటల ముందు నుంచి 2 గంటల ముందు లోపు ఆన్‌లైన్‌లో పంపాలి, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ. పంపకపోతే జరిమానా పడొచ్చు. ఫ్రాన్స్‌లో మొదట దిగేది పాస్‌పోర్టు, కస్టమ్స్ తనిఖీ ఉండే ఎయిర్‌ఫీల్డ్‌లోనే. చాలామంది కలే గానీ, లె టూకే గానీ ఎంచుకుంటారు. ముందుగా ఎంత సమయం నోటీసు ఇవ్వాలో ఆ ఎయిర్‌ఫీల్డ్ తాజా సమాచారంలో చూడండి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు షెంగెన్ వీసా ఉండాలి. బ్రిటన్ రెసిడెన్స్ ఉన్నా, పైలట్ లైసెన్స్ ఉన్నా దానికి బదులు కాదు.

లైసెన్స్ సంగతి బీకన్ కొనకముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ఇక్కడ ఆగిపోయేవాళ్లే ఎక్కువ. బ్రిటన్ ఎన్‌పీపీఎల్ (జాతీయ ప్రైవేట్ పైలట్ లైసెన్స్) మైక్రోలైట్ లైసెన్స్ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐసీఏఓ ప్రమాణానికి చెందినది కాదు. విమానానికి ఇచ్చే పర్మిట్ టు ఫ్లై కూడా అంతే. రెండూ జాతీయ పత్రాలు. సరిహద్దు దాటితే అవతలి దేశం ఒప్పుకుంటేనే చెల్లుతాయి. కొన్ని దేశాలు అందరికీ కలిపి అనుమతి ఇస్తాయి, కొన్ని విడిగా దరఖాస్తు అడుగుతాయి, ఇవి మారుతూ ఉంటాయి. బ్రిటిష్ మైక్రోలైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ తన సభ్యులకు చెప్పే సమాచారం చూసి, ఆ దేశపు వైమానిక సంస్థ పత్రం ప్రింటు తీసి వెంట పెట్టుకోండి. పరిమితులున్న లైసెన్స్ మీద బయల్దేరిన చోటుకు 8 నాటికల్ మైళ్ల లోపే తిరగాలి, కాబట్టి ఆ దశలో చానెల్ ఊసే వద్దు. రేడియో మాట్లాడటానికి మీకు ఎఫ్‌ఆర్‌టీఓఎల్ అనే లైసెన్స్, విమానంలోని సెట్‌కు బ్రిటన్ టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ లైసెన్స్ వేర్వేరుగా ఉండాలి. సెట్ 8.33 కిలోహెర్ట్జ్ ఎడంతో ఫ్రీక్వెన్సీలు పట్టే రకం అయ్యుండాలి. ఫ్రాన్స్‌లోని చిన్న ఎయిర్‌ఫీల్డుల్లో కొన్నిచోట్ల రేడియోలో ఫ్రెంచ్ మాత్రమే చెల్లుతుంది. ఇన్సూరెన్స్ పత్రంలో ఫ్రాన్స్ పేరు ఉందో లేదో చదవండి.

ఇండియాకు తీసుకెళ్లొచ్చా

సెలవులకు వెళ్తూ ఇంట్లో చూపిద్దామనో, హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కు పనికొస్తుందనో సూట్‌కేసులో పెట్టుకోకండి. ఇండియాలో ఉపగ్రహ పరికరాల మీద నియమాలు కఠినం. అనుమతి లేకుండా గార్మిన్ ఇన్‌రీచ్ లాంటివి తెచ్చిన విదేశీయులను విమానాశ్రయాల్లో ఆపి కేసులు పెట్టిన సంఘటనలున్నాయి. పీఎల్‌బీ మాట్లాడే ఫోను కాదని, ఆపదలో మాత్రమే మోగుతుందని తనిఖీ బల్ల దగ్గర వివరించడం తేలిక కాదు. రేడియో పరికరం కనుక సంబంధిత అనుమతి చేతిలో ఉంటేనే తీసుకెళ్లండి. కోస్పాస్-సర్సాట్‌లో ఇండియా కూడా భాగస్వామే, బెంగళూరులో ఇస్రో ఆ కేంద్రాన్ని నడుపుతోంది. సంకేతం అందుతుంది. అనుమతి అన్నది వేరే విషయం.

లోపాలు, ఇంకో మోడల్

పీఎల్‌బీ1లో అన్నిటికన్నా పెద్ద లోటు జవాబు రాకపోవడం. బటన్ నొక్కాక సంకేతం వెళ్లిందనే లైటు మెరుస్తుంది గానీ, అవతలివాళ్లు విన్నారో లేదో తెలియదు. నీళ్లలో ఒంటరిగా ఉన్నవాళ్లకు అది చిన్న లోటు కాదు. యూరప్ గెలీలియో ఉపగ్రహాల రిటర్న్ లింక్ (తిరుగు సందేశం) ద్వారా ఆ జవాబు ఇచ్చే మోడల్ ఇదే కంపెనీ పీఎల్‌బీ3. దానిలో ఏఐఎస్ కూడా ఉంది, అంటే చుట్టుపక్కల ఓడల తెరమీద మీ స్థానం నేరుగా కనిపిస్తుంది. డోవర్ జలసంధిలో రోజుకు 400కు పైగా ఓడలు తిరుగుతాయి. హెలికాప్టరుకన్నా ముందు మీ దగ్గరికి ఏదో ఓడే చేరే అవకాశం ఎక్కువ. పీఎల్‌బీ3 పెద్దది, ఖరీదూ ఎక్కువ. ఏటా చానెల్ దాటేవాళ్లు ఆ అదనపు డబ్బు పెట్టడం న్యాయం. ఎక్కువగా నేల మీదే ఎగురుతూ ఎప్పుడో ఒకసారి దాటేవాళ్లకు పీఎల్‌బీ1 చాలు.

సెల్ఫ్ టెస్ట్ నెలకొకసారికన్నా ఎక్కువ చేయకండి. జీపీఎస్ టెస్ట్ బ్యాటరీని ఇంకా ఎక్కువ తింటుంది, బ్యాటరీ ఆయువు మొత్తంలో దాన్ని కొన్నిసార్లకే పరిమితం చేశారు. కొన్న రోజు ఒకసారి, ప్రతి సీజన్ మొదట్లో ఒకసారి చాలు, అదీ ఆకాశం బాగా కనిపించే చోట. పొరపాటున ఆన్ అయితే వెంటనే ఆపి కోస్ట్‌గార్డ్‌కు ఫోన్ చేసి చెప్పండి. ఫోన్ చేయకపోతేనే ఇబ్బంది. బ్యాటరీ ఇంట్లో మార్చుకునేది కాదు. గడువు తీరాక సర్వీసు ఖర్చు, కొత్తదాని ధర పోల్చి చూస్తే చాలామంది కొత్తదే కొంటారు. పాతదాన్ని చెత్తబుట్టలో వేయకండి. బ్యాటరీ తీయించి రీసైక్లింగ్‌కు ఇచ్చి, రిజిస్ట్రీలో దాని పేరు కొట్టించండి. లేకపోతే చెత్తకుప్పలో యాంటెన్నా బయటికొచ్చి మోగిన బీకన్ కోసం హెలికాప్టర్ బయల్దేరాల్సి వస్తుంది.